సేవ అన్న మాట ఎక్కడ ఇరుకైపోయింది

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పెళ్ళి సంబంధం మాట్లాడుకునేటప్పుడు "అబ్బాయి ఏం చేస్తున్నాడు?" అన్న ప్రశ్నకు "సేవలో ఉన్నాడు" అన్న జవాబు వస్తే, ఆ అబ్బాయి పాస్టరో, సువార్తికుడో, కనీసం బైబిలు కాలేజీలో చదువుతున్నవాడో అయి ఉంటాడని అడిగినవారికి వెంటనే అర్థమైపోతుంది. అదే అబ్బాయి విద్యుత్తు శాఖలో లైన్‌మ్యాన్ అయితే, గాలివాన రాత్రి స్తంభమెక్కి ఊరంతటికీ కరెంటు రప్పించినా సరే, అతడు సేవలో ఉన్నాడని ఎవరూ అనరు. "ఉద్యోగం చేసుకుంటున్నాడు" అంటారు. పాస్టరు సేవ చేస్తున్నాడు, లైన్‌మ్యాన్ ఉద్యోగం చేసుకుంటున్నాడు. మన భాషలో ఆ "కొను" అన్న చిన్న అనుబంధం, పని ఫలం పనిచేసినవాడికే చెందుతుందని సూచిస్తుంది. వంట చేయడం వేరు, వండుకోవడం వేరు. ఆ ఒక్క క్రియారూపంతోనే సంఘం రెండుగా చీలిపోతుంది: దేవుని కోసం పనిచేసేవారు ఒక వైపు, తమ కోసం పనిచేసుకుంటూ ఆదివారం కానుక వేసేవారు మరొక వైపు.

ఈ చీలిక బైబిలులో లేదన్నది నా వాదన. అది ఎలా వచ్చిందో చూడాలంటే మనం రోజూ కలిపేసి వాడే నాలుగు మాటలను, అంటే తలాంతు, కృపావరం, పిలుపు, స్థితి అన్నవాటిని విడదీసి చూడాలి. వీటిలో మొదటిది అన్నిటికంటే ఎక్కువగా అపార్థానికి గురైంది. చివరిది మన దేశంలో అన్నిటికంటే ప్రమాదకరమైనది.

"దేవుడు నీకిచ్చిన తలాంతును వాడుకో" అన్న హితవు విననివారు సంఘంలో ఉండరు. పాడేవారి గొంతు తలాంతు, కీబోర్డు వాయించడం తలాంతు, ఈ మధ్య వీడియోలు ఎడిట్ చేయడం కూడా తలాంతే. మాట మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని ఉపమానం నుండి వచ్చింది: ప్రయాణమై వెళ్తున్న యజమాని ముగ్గురు దాసులకు అయిదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు అప్పగిస్తాడు, మొదటి ఇద్దరు వాటిని రెట్టింపు చేస్తారు, మూడవవాడు పాతిపెడతాడు. అయితే ఆ ఉపమానంలో తలాంతు అంటే నైపుణ్యం కాదు, డబ్బు. ఇంకా సరిగా చెప్పాలంటే తూకం వేసి లెక్కగట్టే వెండి. ఒక తలాంతు దాదాపు ఆరు వేల దేనారములకు సమానం. ద్రాక్షతోట కూలీకి ఒక దినపు కూలి ఒక దేనారమని అదే సువార్త 20వ అధ్యాయం చెబుతుంది కాబట్టి, ఏడాదికి మూడు వందల పనిదినాలు వేసుకున్నా ఒక్క తలాంతు ఇరవై ఏళ్ళ కూలి అవుతుంది. ఒకే తలాంతు దొరికిన మూడవ దాసుణ్ణి, అయ్యో పాపం, చేతిలో ఏమీ లేనివాడిగా బోధకులు చూపిస్తుంటారు గాని, అతడి చేతికి వచ్చినది ఒక కూలీ సగం జీవితం కష్టపడితే గాని కళ్ళజూడలేనంత సొమ్ము.

ఇంకా ముఖ్యమైనది యజమాని పంచిన తీరు. ఎవని సామర్థ్యము చొప్పున వానికి ఇచ్చాడని 15వ వచనం స్పష్టంగా చెబుతోంది. అంటే సామర్థ్యం ముందే ఉంది, తలాంతు దాన్ని చూసి ఇచ్చినది. సామర్థ్యమూ తలాంతూ ఒకటే అయితే ఆ వాక్యానికి అర్థమే ఉండదు. తలాంతు అన్నది ఒకరికి అప్పగించిన బాధ్యత: ఇతరుల సొత్తు, కొంతకాలానికి మన చేతిలో పెట్టినది, లెక్క చెప్పవలసినది. ఇంగ్లీషులో టాలెంట్ అనే మాటకు ప్రతిభ అన్న అర్థం ఈ ఉపమానం మీద శతాబ్దాలుగా సాగిన బోధల వల్లనే స్థిరపడింది. మనం ఆ అర్థాన్ని అక్కడినుండి తెచ్చుకుని మళ్ళీ ఉపమానంలోకి చొప్పించాము. ఫలితంగా వేదిక మీద కనబడే నేర్పు ఉన్నవారికే తలాంతు ఉన్నట్టూ, లేనివారు "నాకేం తలాంతు ఉంది లెండి" అని వెనక బెంచీలో కూర్చోవచ్చునన్నట్టూ తయారైంది. అప్పగింత అన్న అర్థంలో చూస్తే మాత్రం తప్పించుకునేవారు ఎవరూ లేరు. రేషన్ డీలరు చేతిలోని తూకం, పంచాయతీ కార్యదర్శి చేతిలోని ముద్ర, అంగన్‌వాడీ కార్యకర్త చేతిలోని గుడ్ల లెక్క, ముసలి అత్తగారికి మందులు వేళకు ఇచ్చే కోడలి చేతిలోని డబ్బా, ఇవన్నీ ఆ ఉపమానం మాట్లాడే తలాంతులే. డబ్బును కనీసం సాహుకారుల దగ్గరైనా ఉంచవలసిందని యజమాని కోప్పడటంలోని భావం కూడా ఇదే: గొప్ప వ్యాపారం చేయలేకపోతే పోనీ, చేతనైనంత చిన్న పనైనా చేసి ఉండవలసింది. అయిదు తలాంతులను పదిగా చేసినవాడికీ, రెండింటిని నాలుగుగా చేసినవాడికీ దక్కిన మెప్పు అక్షరం తేడా లేకుండా ఒకటే.

కృపావరం, అంటే పరిశుద్ధాత్మ విశ్వాసులకు ఇచ్చే వరం, దీనికి వేరు. రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయంలోనూ, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలోనూ పౌలు ఇచ్చిన జాబితాలు ఒకదానితో ఒకటి సరిపోలవు. దాన్నిబట్టి అవి సంపూర్ణ జాబితాలుగా ఉద్దేశించినవి కావని తెలుస్తుంది. ప్రవచనం, బోధ పక్కనే పరిచర్య చేయడం, పంచిపెట్టడం, కరుణించడం కూడా కనిపిస్తాయి. మన సంఘాల్లో మొదటి రెండింటికి మైకులు, కటౌట్లు ఉన్నాయి. మిగతావాటికి ఏమీ లేదు. ఈ వరాల గురించి జరిగే వాదోపవాదాల్లోకి దిగను, అది వేరే వ్యాసం. పేతురు మొదటి పత్రిక 4వ అధ్యాయంలో "గృహనిర్వాహకులు" అన్న మాట వాడాడని మాత్రం గుర్తుచేస్తాను. గృహనిర్వాహకుడు అంటే యజమాని సరుకును యజమాని ఇంటివారికి పంచేవాడు. వరం ఎవరికి దొరికిందో వారి కోసం కాదు, పక్కవారి కోసం.

మరి చేతి పనికి, పరిశుద్ధాత్మకు ఏమైనా సంబంధం ఉందా? నిర్గమకాండము 31వ అధ్యాయంలో దేవుడు మోషేతో, బెసలేలు అనే మనిషిని పేరు పెట్టి పిలిచాననీ, అతణ్ణి తన ఆత్మతో నింపాననీ చెబుతాడు. బెసలేలు ప్రవక్త కాడు, యాజకుడు కాడు. బంగారం, వెండి, ఇత్తడి పనులు, రత్నాలు పొదగడం, కర్ర చెక్కడం తెలిసినవాడు. మన ఊళ్ళో అయితే కంసాలి, వడ్రంగి ఇద్దరూ కలిసిన మనిషి. అంతకుముందు 28వ అధ్యాయంలో అహరోనుకు దుస్తులు కుట్టేవారిని జ్ఞానాత్మతో నింపినట్టు ఉంది గాని, పేరు చెప్పి దేవుని ఆత్మతో నింపానని బైబిలు మొట్టమొదట అన్నది ఈ పనివాడి గురించే. 35వ అధ్యాయానికి వస్తే నూలు వడికిన స్త్రీలు, మేక వెంట్రుకలు వడికిన స్త్రీలు కూడా లెక్కలోకి వస్తారు. వీరంతా కలిసి చేసిన ప్రత్యక్షపు గుడారం, అంటే ఇశ్రాయేలీయులు అరణ్యంలో వెంట మోసుకెళ్ళిన ఆరాధన గుడారం మీద మన బోధకులు వారాల తరబడి ప్రసంగిస్తారు, ప్రతి రంగుకూ ఒక ఆత్మీయ అర్థం చెబుతారు. దాన్ని నిలబెట్టిన వేళ్ళ గురించి నేను విన్న ప్రసంగాలు మాత్రం ఒక చేతి వేళ్ళకు మించవు.

ఇక పిలుపు, స్థితి. చిక్కంతా ఇక్కడే ఉంది.

మధ్యయుగపు ఐరోపాలో "పిలుపు" అన్నది సన్యాసులకు, మఠవాసినులకు, గురువులకు మాత్రమే చెందిన మాట. 16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్ ఆ గోడను పడగొట్టాడు. కొరింథీయుల మొదటి పత్రిక 7వ అధ్యాయం 20వ వచనంలో, ఎవరు ఏ పిలుపులో పిలవబడ్డారో అందులోనే ఉండాలని పౌలు రాసినచోట ఉన్న గ్రీకు మాటను ఆధారం చేసుకుని, రైతుకు, పనిమనిషికి, తండ్రికి, తల్లికి కూడా దేవుని పిలుపు ఉందని బోధించాడు. దేవుడు పాలు ఇవ్వాలనుకుంటే ఆకాశం నుండి కురిపించడు, పాలు పితికేవారి చేతుల మీదుగా ఇస్తాడన్నది ఆ బోధలోని సారం. జర్మన్ భాషలో ఉద్యోగానికి నేటికీ వాడే "బెరూఫ్" అన్న మాటలో ఆ పిలుపు ఇంకా వినిపిస్తుంది. (క్రైస్తవుడైన చెప్పులు కుట్టేవాడు చెప్పుల మీద సిలువ బొమ్మలు వేయనక్కరలేదు, మంచి చెప్పులు కుడితే చాలు అన్న వాక్యం లూథర్ పేరున తరచూ చలామణి అవుతుంది. భావం బాగుంది గాని, అది ఆయన రచనల్లో ఎక్కడా దొరకదు.) లూథరన్ మిషన్ గుంటూరుకు వచ్చింది 1842లో, ఫాదర్ హయ్యర్‌తో. ఇంతకాలమైనా అదే నేలమీద "సేవ" అంటే గురువుగారి పని అనే నిలిచిపోవడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

అయితే ఆ వచనాన్ని మన దేశంలో యథాతథంగా దించితే ఏమవుతుందో చూడండి. మన తెలుగు అనువాదంలో అది "ఏ స్థితిలో పిలువబడెనో ఆ స్థితిలోనే" ఉండాలన్న అర్థంతో వినబడుతుంది. స్థితి అనగానే మన చెవికి కులం, పుట్టుక, ఊరి చివరి వాడ వినబడతాయి. "స్వధర్మే నిధనం శ్రేయః" అని గీతలో విని పెరిగిన సమాజంలో, నీ వృత్తిలోనే నువ్వు ఉండు, అదే దేవుని సేవ అన్న మాట పైవాడికి హాయిగా, కిందివాడికి సంకెలగా ఉంటుంది. వృత్తిని ఆరాధనగా చూడటం క్రైస్తవం మనకు కొత్తగా నేర్పిన సంగతి కాదు: స్వకర్మతోనే దేవుణ్ణి అర్చించాలని గీత 18వ అధ్యాయం అంటుంది, కాయకమే కైలాసమని వీరశైవులు అన్నారు. కాని ఎవరి వృత్తిని ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న వచ్చేసరికి దారులు వేరవుతాయి. పౌలు ఆ తరువాతి వచనంలోనే, దాసుడిగా పిలవబడినవాడు స్వతంత్రుడు కాగలిగితే ఆ అవకాశాన్ని వినియోగించుకోవాలన్న భావం ఇస్తాడు. అక్కడి గ్రీకు వాక్యం కుదించి రాసినది కావడంతో, దేన్ని వినియోగించుకోవాలన్న దానిమీద పండితుల మధ్య వాదం ఉంది; మన తెలుగు బైబిలు మాత్రం స్వాతంత్ర్యం వైపే మొగ్గింది, ఆ మొగ్గు సరైనదనే నేనూ అనుకుంటాను. అప్పుడు 20వ వచనం చెప్పేది, నీ స్థితి మారితే తప్ప దేవునికి పనికిరావన్న భయం వద్దని మాత్రమే. నీ స్థితి మారకూడదని కాదు.

ఇది పుస్తకాల చర్చ మాత్రమే కాదని ఒంగోలు చరిత్ర చూస్తే తెలుస్తుంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలుకు మకాం మార్చేనాటికే, ఆ ప్రాంతపు మాదిగ కుటుంబానికి చెందిన యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం మీద గోదావరి దిక్కుకు తిరుగుతూ క్రీస్తును గురించి విన్నాడు. అతడిని క్లౌ దగ్గరకు చేర్చిందీ, ఆ తరువాత పల్లె పల్లెకూ అతడి మాట పాకేలా చేసిందీ ఆ తోళ్ళ బేరమే. తోలు కొనడానికి, అమ్మడానికి తిరిగే దారులు, ఆ దారుల వెంట ఉన్న బంధువర్గం, ఎవరింట ఏ పూట దిగాలో తెలిసిన పరిచయం, ఇవన్నీ ఏ మిషన్ బోర్డూ డబ్బిచ్చి కొనలేని ఆస్తి. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మందే. ఆ నెలలోనే తాళ్ళకొండపాడు దగ్గర మరి ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం పొందారంటే, దాని వెనక ఉన్నది పేరయ్య తిరుగుడు.

కాని పేరయ్య, అతడి వెంట వచ్చినవారు తమ స్థితిలో దేన్ని ఉంచుకున్నారు, దేన్ని వదిలారు అన్నది గమనించాలి. తోలు పని ఉంచుకున్నారు. ఆదివారం వెట్టిపనికి వెళ్ళడం, చచ్చిన పశువు మాంసం తినడం, గ్రామదేవతల కొలుపులలో డప్పు కొట్టడం వదిలారు. ఊరి పెద్దలకు కోపం వచ్చింది మతం మారినందుకు కాదు, అనాదిగా వస్తున్న చాకిరీ ఆగినందుకు. వృత్తిలోని నేర్పు దేవునికి అప్పగించవచ్చు, వృత్తికి అంటగట్టిన అవమానాన్ని అప్పగించనక్కరలేదు అన్న తేడాను వారు ఏ వేదాంత గ్రంథం చదవకుండానే పట్టుకున్నారు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్యమైన సంగతి వారు నూట యాభై ఏళ్ళ క్రితమే చేసి చూపించారు.

క్లౌ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మతప్రచారంలోకి రాకముందు ఆయన అమెరికాలో భూమి కొలిచే సర్వేయర్ల బృందంలో పనిచేశాడు. 1876-78 కరువులో పల్లెలు ఖాళీ అవుతున్నప్పుడు, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పనిని ప్రభుత్వం నుండి కాంట్రాక్టు తీసుకుని, వేలమందికి కూలి కల్పించాడు. ఆ పనికి కావలసింది ప్రసంగ కళ కాదు. లెవెల్ కట్టడం, మట్టి ఘనపుటడుగుల్లో లెక్కించడం, ముఠాలవారీగా కూలి పంచడం. మిషనరీ కాకముందు చేసి, వెనక వదిలేశాననుకున్న పనే కరువులో అక్కరకు వచ్చింది. దానికంటే నాకు నచ్చిన విషయం ఒకటుంది: కరువు సాయం నడుస్తున్నంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం విశ్వాసం ఒప్పుకునే పరిస్థితి రాకూడదన్నది ఆయన ఉద్దేశం. సాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఖ్యను వార్షికోత్సవాల్లో చెప్పుకుంటాము. అంతకుముందు ఆపిన నెలలను చెప్పుకోము.

గుంటూరులో ఆన్నా కుగ్లర్ కథ మరొక రకం. పెన్సిల్వేనియాలో మహిళా వైద్య కళాశాలలో 1879లో డాక్టరు పట్టా పుచ్చుకున్న ఆమెను లూథరన్ మిషన్ 1883లో పంపింది, వైద్యురాలిగా కాదు, ఉపాధ్యాయినిగా. వైద్య సేవ మొదలుపెట్టడానికి బోర్డు అప్పటికి సిద్ధంగా లేదు. ఆమె వాదించకుండా ఒప్పుకుంది, కాని మందుల పెట్టె వెంట తెచ్చుకుంది. అయిదారు గోడల వెనక ఘోషాలో ఉండి, మగ వైద్యుడికి నాడి చూపించలేని స్త్రీలు కబురుపెడితే వెళ్ళి చూసేది, బడి పని బడి పనిగానే చేసేది. రెండేళ్ళకు, 1885 చివరలో, బోర్డు ఆమెను వైద్య మిషనరీగా నియమించింది; 1898లో ఆసుపత్రి తెరిచింది; 1930లో అదే ఊళ్ళో కన్నుమూసింది. సంఘం ఇచ్చిన హోదాకూ, దేవుడిచ్చిన నేర్పుకూ పొంతన లేనప్పుడు ఏం చేయాలని అడిగేవారికి నేను ఆమె మొదటి రెండేళ్ళను చూడమంటాను. ఆమె హోదాను తిరస్కరించలేదు, నేర్పును పాతిపెట్టలేదు.

ఇక్కడ ఒక అడ్డు ప్రశ్న వస్తుంది. నా చేతిలో ఉన్నదాన్నల్లా దేవుని కోసం వాడవచ్చునా? చేతిలో ఉన్నది నాది కానప్పుడు? పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న, గోల్కొండ సుల్తాను తానీషాకు చేరవలసిన శిస్తుతో భద్రాచలంలో రామాలయం కట్టించి, పన్నెండేళ్ళు జైలు అనుభవించి రామదాసయ్యాడన్న కథ తెలుగువారందరికీ తెలుసు. భక్తిగా దాన్ని తలచుకోనివారు లేరు, నేనూ తలచుకుంటాను. కాని ఆ కథలోనే రామలక్ష్మణులు స్వయంగా వచ్చి ఆరు లక్షల మాడలు ఖజానాకు తిరిగి కట్టారన్న ఘట్టం ఉంది. అంటే ఆ బాకీ బాకీయేనని జనశ్రుతి కూడా ఒప్పుకుంది. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు సుంకరులు వచ్చి మేమేం చేయాలని అడిగినప్పుడు, ఉద్యోగం మానేయమని గాని, వసూలైన దాన్ని దేవాలయానికి ఇమ్మని గాని ఆయన అనలేదు. నిర్ణయించిన దానికంటే ఎక్కువ వసూలు చేయవద్దన్నాడు. సిపాయిలతో, ఎవరినీ బాధపెట్టవద్దనీ, జీతంతో తృప్తిపడమనీ అన్నాడు. లూకా 3వ అధ్యాయంలోని ఈ మూడు నాలుగు వాక్యాలు ఇంత మామూలుగా ఉండటం వల్లనే కాబోలు వాటిమీద ప్రసంగాలు తక్కువ. ఆఫీసు జిరాక్సు యంత్రం మీద సువార్త కరపత్రాలు తీసే గుమాస్తా, డ్యూటీ వేళలో రోగులను వదిలి ప్రార్థన కూటానికి వెళ్ళే నర్సు సేవ చేస్తున్నామనే అనుకుంటారు. యోహానును అడిగి ఉంటే ఏమనేవాడో ఊహించడం కష్టం కాదు.

దీనికి అవతలి వైపు కూడా ఉంది. సంఘమే ఒకరి నేర్పును ఉచితంగా పిండుకోవడానికి తలాంతు అన్న మాటను వాడుకుంటుంది. నేను చాలాకాలం వెళ్ళిన ఒక సంఘంలో వైరింగు పని తెలిసిన విశ్వాసి ఒకాయన ఉండేవాడు. మందిరానికి, పాస్టరుగారి ఇంటికి, ఆయన బంధువుల ఇళ్ళకు పని చేయించుకుని "దేవుడు నిన్ను దీవిస్తాడు" అని పంపేవారు. తీగ, స్విచ్చులు కూడా అతడే కొనేవాడు. పనివాడు తన జీతానికి పాత్రుడన్న వాక్యం పాస్టరు జీతం పెంచవలసి వచ్చినప్పుడు మాత్రం వినబడేది. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు. వాటిని ఊరకనే పంచిపెట్టినట్టు అపొస్తలుల కార్యములలో ఎక్కడా లేదు. తన చేతులే తనను పోషించాయని చెప్పుకున్న మనిషి డేరాకు వెల తీసుకునే ఉంటాడు.

పరిస్థితుల మాటకు వస్తే, మనం ఎన్నుకున్నవి, మన మీద పడినవి రెండు రకాలు. సిరియా సేనాధిపతి నయమాను ఇంట్లో పనికి ఉన్న ఇశ్రాయేలు చిన్నదాన్ని సైనికులు చెరపట్టి తెచ్చారు. రెండవ రాజుల గ్రంథం 5వ అధ్యాయం ఆమె పేరు కూడా చెప్పదు. యజమానురాలితో ఆమె అన్నది ఒకే మాట: షోమ్రోనులోని ప్రవక్త దగ్గర అయ్యగారు ఉంటే కుష్ఠు నయమయ్యేది కదా అని. ఆ మాట మీద ఒక సేనాధిపతి ప్రయాణం కట్టాడు. కడప, గోదావరి జిల్లాల నుండి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళిన తెలుగు స్త్రీలు ఈ భాగాన్ని ప్రత్యేకంగా ప్రేమిస్తారు. సెలవు దొరికిన శుక్రవారం కూడికల్లో ఆ పేరులేని చిన్నదాన్ని తమ మనిషిగా చెప్పుకుంటారు. పసిబిడ్డను ఇంటి దగ్గర వదిలి, వేరొకరి పసిబిడ్డను జాగ్రత్తగా పెంచే తల్లి ఆ పనిని ఎవరికి అప్పగించి చేస్తుందో ఆమెకే తెలుసు. అయితే దీన్ని ఎవరు ఎవరికి చెబుతున్నారన్నదాని మీద అంతా ఆధారపడి ఉంది. ఆ స్త్రీ తనంతట తాను చెప్పుకుంటే అది సాక్ష్యం. పాస్‌పోర్టు లాక్కున్న యజమాని గురించి మొరపెట్టుకున్నప్పుడు ఇంటి దగ్గరి పాస్టరు అదే కథ చెప్పి ఓర్చుకోమంటే, చెరపట్టినవారి తప్పును దేవుని ప్రణాళిక కింద జమకట్టినట్టే. ఆ చిన్నది చెరలో ఉండటం మంచిదని బైబిలు ఎక్కడా అనలేదు. చెరలో ఉండి కూడా ఒక మంచి మాట అన్నదని మాత్రమే రాసింది.

సేవ అన్న మాట ఇరుకుగా లేని కాలమూ మన సంఘాలకు ఉండేది. 1912లో దోర్నకల్లుకు బిషప్పుగా వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు, కొత్తగా బాప్తిస్మం పొందినవారి చేత వారి తలమీద వారి చేయే పెట్టించి, సువార్తను ప్రకటింపకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాటను పలికించేవాడు. పలికినవారిలో ఎక్కువమంది చదువురాని పాలేర్లు, కూలీలు. వారు ప్రకటించవలసింది వేదిక మీద కాదు, నాట్లలో, కళ్ళంలో, బావి దగ్గర. ఆ పేదవారే కానుకలు కూడా ఇవ్వాలని ఆయన పట్టుబట్టాడు. పుచ్చుకునేవారిగానే మిగిలిపోతే వారికి గౌరవం ఉండదన్నది ఆయన లెక్క. డబ్బు లేదు కాబట్టి ధాన్యం, కోళ్ళు, కూరగాయలు వచ్చేవి.

మా నాయనమ్మ అన్నానికి బియ్యం కొలిచాక, ఎసట్లో పోసేముందు, ఒక పిడికెడు తీసి గూట్లోని చిన్న సత్తు డబ్బాలో వేసేది. ఇంట్లో బియ్యం తక్కువగా ఉన్న రోజున కూడా పిడికిలి మానేది కాదు గాని, కాస్త బిగించేది. ఆ సంగతి నేను చూశానని తెలిసి నవ్వింది. వారం చివర డబ్బా గుడ్డలో బోర్లించి మూటకట్టి గుడికి తీసుకెళ్ళేది. ఆ పిడికెడు బియ్యంతో ఉపదేశి కుటుంబం తిన్నది. దాన్ని ఆమె ఎన్నడూ సేవ అనలేదు, "దేవుని బియ్యం తీశాను" అనేది, పొయ్యి రాజేశాను అన్నంత మామూలుగా.

కోతకాలపు పండుగ నాడు మాత్రం ఇవన్నీ ఒక్కచోట కనబడేవి. బలిపీఠం ముందు కొత్త ధాన్యపు బస్తాలు, గుమ్మడికాయలు, చెరకు గడలు, కాళ్ళు కట్టిన కోడిపుంజులు, ఎవరో అల్లిన బుట్ట, ఎవరో పట్టిన ఆవకాయ జాడీ. ఆరాధన అయ్యాక వేలం. ఒక కోడిగుడ్డు ఉండేది. పాడుకున్నవాడు డబ్బు కట్టి గుడ్డును తిరిగి బల్లమీదే పెట్టేవాడు, మళ్ళీ పాట మొదలయ్యేది, అలా నాలుగైదు చేతులు మారేది. సంఘం పద్దు పుస్తకంలో గుడ్డుకు ఎదురుగా పాడుకున్నవారందరి పేర్లు, వారు కట్టిన మొత్తాలు వరుసగా ఉండేవి. తెచ్చినావిడ పేరు రాయడానికి అందులో గడి లేదు.